కాపలా పెరుగు

పొద్దున్నే మోగే ఫోనంటే హైమవతికి పడదు. ఆ వేళప్పుడు ఆమెకి ఫోన్ చేసేవాళ్లు ఇద్దరే. ఇవ్వాళ పాలు రావని చెప్పే పాలబ్బాయి ఒకడు, పరిశోధనశాలలో ఏదో యంత్రం మొరాయించిందని చెప్పే డాక్టర్ ప్రభుదాసు ఇంకొకడు. ఆ రోజు మాత్రం మూడో గొంతు వినిపించింది.

"హైమమ్మగారాండీ? నేనండి, మంగాయమ్మని. రామచంద్రపురం కాలవగట్టు కాలనీ నుంచండి. మా ఆయనకి నీలం వచ్చిందండి."

హైమవతి మంచం మీద లేచి కూర్చుంది. "ఏంటమ్మా, మళ్లీ చెప్పండి."

"నీలమండి. ఉచ్చ నీలంగా వస్తే ఆలస్యం చెయ్యకుండా చెప్పమన్నారు కదండి. శంఖుపూలు నలిపి పిండినట్టుందండి బాబూ. ఈయనేమో నవ్వుతున్నాడు. డ్యూటీకి టైమైపోతందని చొక్కా తొడుక్కుంటన్నాడు."

"ఆయన్ని ఎక్కడికీ వెళ్లనివ్వకండి. నేను బయల్దేరుతున్నాను."

ఫోన్ పెట్టేశాక ఆమెకి కంగారు పుట్టింది. ఎవరికో నీలం వచ్చినందుకు కాదు. నీలం రావడం కోసమే కదా ఇన్నేళ్లు పాటుపడింది! మంగాయమ్మ ఇల్లు కాలనీలో తూరుపు వరసలో ఉంది. తూరుపు వరసలో ఎవరికీ నీలం రావడానికి వీల్లేదు.

ఆ నీలం తెప్పించే పెరుగుకి శాస్త్రం పెట్టిన పేరు పొడుగ్గా, మధ్యలో అంకెలతో, నోరు తిరగకుండా ఉంటుంది. కాపలా పెరుగు అన్న పేరు పెట్టింది కాలనీలో అందరికీ పెద్దదిక్కయిన అచ్చాయమ్మ. అంతకు ముందు ఏడాది అక్కడి కమ్యూనిటీ హాల్లో ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి హైమవతి రెండు గ్లాసులు బల్ల మీద పెట్టింది. రెండింట్లోనూ పెరుగే. ఒక సీసాలోంచి రెండింట్లోనూ చెరో చుక్క వేసి, "క్లోమంలో కేన్సర్ పుట్టబోయే ముందు ఊరే రసం ఇది. ల్యాబులో తయారుచేశాం. కాఫీలు తాగి వచ్చి చూద్దాం," అంది. కాఫీలు తాగి వచ్చేసరికి ఒక గ్లాసు తెల్లగానే ఉంది, రెండోది నీలంగా మారిపోయింది. ఆడవాళ్లు నోరు వెళ్లబెట్టి చూశారు.

"ఈ పెరుగులో ఉన్న సూక్ష్మజీవులు మీ కడుపులో కాపురం పెడతాయి," అని చెప్పిందామె. "రోజూ తింటున్నన్నాళ్లూ ఊరికే పడుంటాయి, మానేస్తే పోతాయి. ఈ రసం రుచి తగిలిన రోజున రంగు వదులుతాయి. ఆ రంగు మూత్రంలో వస్తుంది. ఈ జబ్బులో నొప్పి మొదలయ్యేసరికి పరిస్థితి డాక్టర్ల చెయ్యి దాటిపోతుంది. ఇది అంతకన్నా చాలా ముందే చెబుతుంది."

దీనికి సూది లేదు, మాత్ర లేదు, ఫ్యాక్టరీ అక్కర్లేదు. ఒక్కసారి తోడు ఇస్తే చాలు, ఇవాళ్టి పెరుగే రేపటి పాలకి తోడు. అందులోనే ఉంది దాని గొప్పతనమంతా. అందులోనే ఉంది దానితో చిక్కంతా కూడా. పని చేస్తోందని లోకం నమ్మాలంటే సగం ఇళ్లకి కాపలా పెరుగు, సగం ఇళ్లకి మామూలు పెరుగు ఇచ్చి రెండేళ్లు చూడాలి. కాలనీ మధ్యలో రోడ్డుంది. పడమటి వరసకి కాపలా తోడు, తూరుపు వరసకి మామూలు తోడు ఇచ్చారు. ఎవరిది ఏదో కాలనీ వాళ్లకి తెలియదు. హైమవతికీ ప్రభుదాసుకీ మాత్రమే తెలుసు.

"ఒకటే షరతు," అని ఆరోజు చేతులు జోడించి మరీ చెప్పింది హైమవతి. "ఈ రెండేళ్లూ ఎవరూ ఎవరికీ తోడు ఇవ్వద్దు, పుచ్చుకోవద్దు. పిల్లి ముట్టినా, గిన్నె ఒలికినా మాకు ఫోన్ చేయండి, మనిషి చేత పంపిస్తాం. ఒక్క చెంచా చెయ్యి మారినా మా కష్టమంతా ఏట్లో కలిసినట్టే."

"అది మీరు చెప్పాలాండీ?" అని అచ్చాయమ్మ చెయ్యి తిప్పింది. "సందెదీపం పెట్టాక మేం తోడు గడప దాటించం. మా అత్తగారి కాలం నుంచీ అంతే." అందరూ తలలూపారు. హైమవతి ఆ మాటకి మురిసిపోయింది. పట్టింపులున్న మనుషులు దొరకడం తన అదృష్టమనుకుంది.

*

మంగాయమ్మ భర్త గున్నేశ్వరరావు బస్సు డ్రైవరు. ఏభై దాటిన మనిషి, నిండుగా, నవ్వు మొహంతో ఉంటాడు. ప్రభుదాసు అడిగినవాటికి వాకిట్లో కుర్చీలో కూర్చుని జవాబులు చెబుతున్నాడు.

"మూత్రంలో మంట ఏమైనా ఉందా?"

"ఎండలో ఇంజను పక్కన కూర్చునేవాడికి మంట కాక మంచు ఉంటదేటండీ? పోయిన వారం బాగా మండితే మందుల షాపులో మాత్రలిచ్చారు. వేసుకుంటన్నాను."

ప్రభుదాసు మాత్రల అట్ట తీసుకుని వెలుగులో పెట్టి చూశాడు. అతని మొహం వికసించింది. "హైమగారూ, చూశారా! వీటిలో ఒక రకం మాత్రకి రంగుంది. మూత్రం నీలంగా రావడానికి ఇది చాలు."

"మాత్రలు వేసుకోక ముందు నీలం లేదు కదా?" అంది హైమవతి.

గున్నేశ్వరరావు బుర్ర గోక్కున్నాడు. "బస్సు ఆపిన చోట తుప్పల్లోకి పోయేవాణ్ణండి. రంగెవరు చూస్తారు? ఇవాళ డ్యూటీకెళ్లే ముందు ఇంట్లో పోశాను కాబట్టి ఈవిడ చూసింది."

ఆ మాత్రల్లోనే ఇంకొక రకం కడుపులో ఉన్న సూక్ష్మజీవులన్నిటినీ తుడిచిపెట్టేస్తుంది. కాబట్టి లోపల ఏముండేదో ఇప్పుడు వెతికినా దొరకదు. మాత్రలు మొదలుపెట్టిన రోజునే ఎవరైనా మందులు వాడితే తోడు మార్చాలన్న పద్ధతి ప్రకారం మంగాయమ్మ ఫోన్ చేసింది, ల్యాబు నుంచి కొత్త తోడు వెళ్లింది, పాత పెరుగు పారబోశారు. అదీ చూడ్డానికి లేదు. కాకినాడ తీసుకెళ్లి పొట్టకి స్కాన్ తీయిస్తే క్లోమం శుభ్రంగా ఉందని రాసిచ్చారు.

హైమవతికి ప్రాణం లేచొచ్చింది. తూరుపు వరస మనిషి, రంగు మాత్ర, స్కాన్ శుభ్రం. అన్నీ సరిగ్గా అతికాయి. తిరిగొస్తూ దారిలో ప్రభుదాసు పాత పాటేదో కూనిరాగం తీశాడు. ఆమె కూడా గొంతు కలిపింది. తర్వాత రెండు రోజులు అన్నం సహించింది, నిద్ర పట్టింది, ల్యాబులో అందరి మీదా అరవడం మానేసింది.

మూడో రోజు తన సంతోషం తనకే నచ్చలేదు. ఒక మనిషి ప్రాణం సంగతి తేల్చేటప్పుడు తనకి అనుకూలమైన జవాబు ఇంత సులువుగా దొరికిందేమిటి? దొరకగానే ఇంత గట్టిగా ఎందుకు పట్టుకుంది? ఒకవేళ తోడు చెయ్యి మారి ఉంటే? ఆ నీలం నిజం నీలమే అయితే? కాపలా పెరుగు స్కాన్ కన్నా ముందే చెబుతుందని ఊరూరా చెప్పింది తనే. ఇప్పుడు స్కాన్ శుభ్రంగా ఉంది కాబట్టి పెరుగు అబద్ధమని నమ్ముతోందీ తనే.

ఆ మధ్యాహ్నమే రామచంద్రపురం బస్సెక్కింది.

మంగాయమ్మ సూటిగా ఆమె కళ్లలోకి చూసి చెప్పింది. "తోడు నేను ఎవరి దగ్గరా పుచ్చుకోలేదండి. మా పిల్లల మీద ఒట్టు."

ఆ కళ్లలో అబద్ధం లేదు. హైమవతి రోడ్డు దాటి పడమటి వరసలో అచ్చాయమ్మ ఇంటికి వెళ్లింది. అచ్చాయమ్మకి కోపమే వచ్చింది. "తోడు ఇచ్చానా అని నన్నడుగుతారా? ఇన్నాళ్లలో ఈ గడప దాటి చెంచాడు తోడు బయటికెళ్తే ఈ చెయ్యి పడిపోవాలి. ముందు కూర్చోండి. ఎండలో పడొచ్చారు, టీ పెడతాను."

టీ తర్వాత పకోడీ, పకోడీ తర్వాత కోడలి కాన్పు కబుర్లు. అచ్చాయమ్మ ఇంట్లోంచి లేవడం ఎవరి తరమూ కాదు. సందెపడింది. దేవుడి దగ్గర దీపం వెలిగించి అచ్చాయమ్మ వంటింట్లోకి పోయింది. హైమవతి వాకిట్లో అరుగు మీద కూర్చుని, చివరి బస్సు పోకుండా లేవాలనుకుంటూ రోడ్డు వైపు చూసింది.

తూరుపు వరసలో ఒక తలుపు తెరుచుకుంది. ఒకావిడ మూత పెట్టిన గిన్నె కొంగుతో పట్టుకుని రోడ్డు దాటి వస్తోంది. ఆమె వెనకాల ఇంకొకావిడ. అటు చివర మరొకావిడ. ఏ హడావిడీ లేదు, దాపరికం లేదు. సాయంత్రం పూట నీళ్లు పట్టుకోవడానికి పోయినట్టు, నడుస్తూనే మాట్లాడుకుంటూ, పడమటి వరసలో ఎవరికి అలవాటైన గుమ్మంలోకి వాళ్లు వెళుతున్నారు. ఒకావిడ హైమవతి పక్కనుంచే పోతూ, "బాగున్నారాండీ?" అని పలకరించి మరీ లోపలికెళ్లింది.

హైమవతి లేచి ఆమె వెనకాలే వంటింటి గుమ్మం దాకా నడిచింది. ఆ వచ్చినావిడ గిన్నె మూత తీసింది. గోరువెచ్చని పాలు. అచ్చాయమ్మ తన పెరుగు గిన్నెలో చెంచా ముంచి, ఆ పాలలో వేసి, రెండుసార్లు తిప్పి, మూత పెట్టి ఇచ్చేసింది.

"అచ్చాయమ్మగారూ," అంది హైమవతి. గిన్నె వైపు చెయ్యి చూపించింది.

అచ్చాయమ్మ వెనక్కి తిరిగి నవ్వింది. "వీళ్లింట్లో పెరుగు మిగల్లేదంటండి. దీపం పెట్టాక తోడు ఇవ్వకూడదు కదండి, అంచేత పాలే ఇక్కడికి తెచ్చుకుంటారు. మా ఇంట్లో, మా చేత్తో తోడేస్తాం. తోడు గడప దాటలేదు కదా!"

"మంగాయమ్మగారు కూడా...?"

"అయ్యో, మొదట్లోనే తెచ్చుకుందండి. ఆరోజు పిల్లి గిన్నె తన్నేసింది. చెంచాడు పెరుగు కోసం కాకినాడ నుంచి మనిషిని రప్పిస్తామా ఏంటండీ, మీకు మాత్రం పనులుండవూ?"

అబద్ధం ఎవరూ ఆడలేదు. ఒట్టు ఎవరూ తప్పలేదు. హైమవతి అడిగిన ప్రశ్నకి వాళ్లు ఉన్నదున్నట్టే చెప్పారు. పైగా తన మీద జాలిపడి, తన మనిషికి శ్రమ తగ్గించారు. కాలనీ అంతటికీ ఉన్నది ఒకటే పెరుగు. ఆమె గుమ్మానికి చేరగిలబడి నిలబడింది. నవ్వాలో ఏడవాలో తెలియని స్థితి అంటారే, అది నిజంగా ఉంటుందని ఆ పూటే తెలిసింది.

*

"అయితే ఆయనకి వచ్చింది నిజం నీలమే కావచ్చు," అన్నాడు ప్రభుదాసు మర్నాడు ల్యాబులో. అతను రాత్రంతా నిద్రపోయినట్టు లేదు. "ఆ సూక్ష్మజీవులు చచ్చేముందు వదిలిన రంగు ఒంట్లో మిగిలి ఉండొచ్చు. మాత్రదీ కావచ్చు. రెండూ కావచ్చు. తేలాలంటే నోట్లోంచి గొట్టం దించి క్లోమాన్ని దగ్గరగా చూడాలి. స్కాన్ శుభ్రంగా ఉన్న మనిషికి ఊరికే ఎవరూ దించరు. ఈ సంకేతాన్ని నమ్మమని మనం రాసివ్వాలి."

"రాసిద్దాం."

"రాసిస్తే ఏమవుతుందో తెలుసుగా? తూరుపు వరసలో కాపలా తోడు ఉందని ఒప్పుకున్నట్టు. దీనికి అనుమతిచ్చిన కమిటీ పరీక్ష మొత్తం రద్దు చేస్తుంది. మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలంటే మూడు నాలుగేళ్లు." అతను కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నేను మన పేరు గురించి ఏడవడం లేదు హైమగారూ. ఈ మూడు నాలుగేళ్లలో ఈ పెరుగు అందక ఎంతమంది పోతారో ఆలోచించారా? ఒక్కడి కోసం అంతమందిని ఆపుతున్నాం. అది కూడా, ఆ ఒక్కడికీ జబ్బుందో లేదో తెలియకుండా."

అతను అన్నదాంట్లో తప్పు లేదు. ఎక్కడో ఒక ఊళ్లో ఎవరో ఒకాయన ఇవాళ బాగానే ఉన్నాడు, రేపేడాది కడుపు పట్టుకుని ఆసుపత్రికి వస్తాడు, అప్పటికి చెయ్యడానికేమీ ఉండదు. ఆ మనిషికి తను ఏం చెబుతుంది?

"వాళ్ల పేర్లు నాకు తెలియవు ప్రభుదాసుగారూ," అంది. "తెలియనందుకు వాళ్లు తక్కువని కాదు. కానీ ఈయన పేరు తెలుసు. నా పెరుగు తిన్నాడు. అది పిలిస్తే నేను పలక్కపోతే ఇంక దానికి కాపలా అన్న పేరెందుకు?"

ప్రభుదాసు కిటికీ దాకా వెళ్లి నిలబడ్డాడు. తర్వాత వచ్చి ఆమె ముందున్న కాగితం తన వైపు లాక్కుని, ఆమెకన్నా ముందు తనే సంతకం పెట్టాడు. జన్మలో మరిచిపోకూడని మేలంటూ ఒకటుంటే అది ఇదేనని హైమవతి అనుకుంది. అతనికి దణ్ణం పెడితే కోప్పడతాడని ఊరుకుంది.

అసలు కష్టం గున్నేశ్వరరావుని ఒప్పించడం దగ్గర వచ్చింది.

"నెప్పి లేదు, నీరసం లేదు. పొద్దున్న ఆరిడ్లీలు తిన్నాను," అన్నాడతను. "స్కాన్ బాగుందని మీరే చెప్పారు. ఇప్పుడు గొట్టమంటారు. గొట్టంలో ఏదో చుక్క కనపడిందంటారు, కొయ్యాలంటారు. బాగున్నోణ్ణి బల్లెక్కిస్తారేటండీ? మా నాన్న డాక్టరు మొహం చూడకుండా బతికాడు."

హైమవతి దగ్గర సిద్ధంగా ఉన్న జవాబులన్నీ ఆ మనిషి ముందు పొట్టిగా కనిపించాయి. జబ్బుని ముందే పట్టుకోవడమంటే, బాగున్న మనిషి చేతిలో భయాన్ని పెట్టడం కూడా. తను ఇన్నేళ్లూ మొదటి సగమే చూసింది. నీలం చూసిన రోజు నుంచి ఈ ఇంట్లో ఎవరూ కడుపునిండా తిని ఉండరు, ఆరిడ్లీల కథ ఉత్తిదే.

"మీరు చెప్పింది నిజమే," అంది. "మీకు ఇవాళ ఏ బాధా లేదు. ఆపరేషన్ చేస్తే బాధ మొదలవుతుంది. షుగరు రావచ్చు. అన్నీ చెబుతున్నాను, దాచడం లేదు. కానీ నా అన్న అయితే నేను తీసుకెళతాను."

అప్పటిదాకా తలుపు చాటున నిలబడ్డ మంగాయమ్మ బయటికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది. "నా వల్లే కదండీ మీ పని పాడైంది. అచ్చాయమ్మ ఒదిన చెప్పింది, అంతా కొట్టేస్తారంట కదా. పిల్లిని తిట్టాలో నన్ను నేను తిట్టుకోవాలో..."

"మీరు పాలు తీసుకెళ్లకపోతే ఆయనకి నీలం వచ్చినా నేను నమ్మేదాన్ని కాదమ్మా," అంది హైమవతి. అనేశాకే ఆ మాట తనకి పూర్తిగా అర్థమైంది. నియమం ప్రకారం నడుచుకుని ఉంటే ఈ మనిషికి కాపలా ఉండేది కాదు. రెండేళ్లయ్యాక ఆయన పేరు తన లెక్కల్లో మామూలు పెరుగు వైపు ఒక మరణంగా చేరేది. తన మందు ఎంత గొప్పదో చూపించడానికి పనికొచ్చేది.

మంగాయమ్మ భర్త వైపు తిరిగింది. "ఏవండీ, చొక్కా మార్చుకోండి. ఆసుపత్రికి పోదాం." అతను ఇంకేదో అనబోయి, ఆమె మొహం చూసి, లేచి చొక్కా కోసం లోపలికి వెళ్లాడు.

గొట్టం దించితే చుక్క నిజంగానే కనపడింది. ఆపరేషనైన రోజు సర్జను బయటికి వచ్చి, మాస్కు తీస్తూ, "పెసరగింజంత ఉంది," అన్నాడు. "చుట్టుపక్కలకి పాకలేదు. ఇంత చిన్నది నేను ఎప్పుడూ చూడలేదు. ఇది ఉందని మీకెలా తెలిసింది?"

హైమవతి వరండాలో గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఆమె పక్కన నిలబడ్డ అచ్చాయమ్మ, "మా ఇంటి తోడండి," అని చెప్పింది సర్జనుకి. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

*

పరీక్ష రద్దయింది. రద్దు చేసినవాళ్లు మర్యాదగానే చేశారు. ల్యాబులో సగం మంది వేరే పనులకి వెళ్లిపోయారు. గున్నేశ్వరరావుకి షుగరు వచ్చింది. ఇన్సులిన్ చేసుకునేవాడికి స్టీరింగ్ ఇవ్వకూడదని బస్టాండులో మైకు ముందు కూర్చోబెట్టారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో చెప్పడం ఇప్పుడతని పని. "రోడ్డు మీద తిరిగినోడికి కుర్చీ ఉరికంబమండి," అని మొదట్లో గింజుకున్నాడు. తర్వాత అతని గొంతు ఊళ్లో ఆనవాలైపోయింది.

హైమవతికి మాత్రం ఆ సాయంత్రం రోడ్డు దాటిన గిన్నెలు కళ్ల ముందు నుంచి పోలేదు. వీళ్లని వరసలుగా విడదీయాలనుకోవడమే తను చేసిన పొరపాటు. తోడు చేతులు మారకుండా కాపలా కాయడం ఎవరి తరం? అది మారనీ. కాలనీకి కాలనీ ఒకటే పెరుగు తినేటట్టు, ఊరికి దూరంగా ఇంకో కాలనీ ఇంకో పెరుగు తినేటట్టు చేస్తే సరి. ఆ ఆలోచన చెబితే ప్రభుదాసు మూడు రోజులు లెక్కలు వేసి, నాలుగో రోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. పొద్దున్నే మోగిన ఫోనుకి హైమవతి సంతోషించడం అదే మొదటిసారి.

ఈసారి ఏ కాలనీకి ఏది వెళుతుందో వాళ్లిద్దరికీ కూడా తెలియకుండా కమిటీయే ఏర్పాటు చేసింది. మళ్లీ అనుమతి వచ్చేసరికి ఏడాదిన్నర పట్టింది.

కొత్త పరీక్షకి మొదటి సభ మండపేట దగ్గర ఒక కాలనీలో పెట్టారు. అచ్చాయమ్మ, మంగాయమ్మ, గున్నేశ్వరరావు తోడు వస్తామని పట్టుబట్టి వచ్చారు. హైమవతి అంతా చెప్పింది. పక్కపక్క ఇళ్ల వాళ్లు ఎంత తోడు పంచుకున్నా తనకి అభ్యంతరం లేదంది. మొదటి పరీక్ష ఎలా పోయిందో కూడా దాచకుండా చెబితే జనం నవ్వారు. సభ బాగా నడుస్తోందనుకుంటూ ఉండగా వెనక వరసలో ఒక సన్నపాటి ఆవిడ లేచింది.

"మా కాలనీకి ఉత్తి పెరుగే వచ్చిందనుకోండి," అంది. "మాలో ఒకళ్లకి లోపల ఆ జబ్బు మొదలైందనుకోండి. అక్కడి కాలనీ వాళ్లు బతుకుతారు. మా మనిషి సంగతేటండి? మీ లెక్క తేలాలని మావోళ్లు పోవాలా?"

ఆ ప్రశ్న హైమవతి తనని తాను అడగని రోజు లేదు.

"మీరన్నది నిజమమ్మా," అంది. "కాపలా పెరుగు ఉన్నవాళ్లు నిజంగా ఎక్కువమంది బతుకుతారా, లేక ఊరికే భయపడి కోయించుకుంటారా అన్నది ఇంకా ఎవరికీ తెలియదు. తెలియాలంటే ఇదొక్కటే దారి. కానీ మీ మనిషికి ఏమైనా అయితే ఈ మాటతో మీ కడుపుకోత తీరదు. దానికి నా దగ్గర సమాధానం లేదు."

ఇద్దరు ముగ్గురు కుర్చీల్లోంచి లేచారు. ఇంకొందరు సంచులు తీసుకుంటున్నారు. అప్పుడు గున్నేశ్వరరావు లేచి నిలబడ్డాడు. బస్టాండు గొంతు కదా, మైకు అక్కర్లేకపోయింది.

"నా పేరు గున్నేశ్వర్రావండి. ఈవిడ చెప్పిన డ్రైవరుని నేనే. నేను ఉత్తి పెరుగు వైపు మనిషినండి. లెక్క ప్రకారం నాకు బతికే దారి లేదు. మా ఆవిడ పాలగిన్నె పట్టుకుని రోడ్డు దాటింది కాబట్టి ఇలా నిలబడ్డాను. నన్ను బతికించాలని ఈ హైమమ్మగారు తన పని మొత్తం వదులుకున్నారు. ఆ పని ఆగినన్నాళ్లూ ఈ జబ్బుతో పోయినవాళ్లు ఉంటారు కదండి. మైకు ముందు కూర్చుని దిగేవాళ్లని ఎక్కేవాళ్లని చూస్తూ రోజూ అదే అనుకుంటాను. వీళ్లలో ఎవరింట్లో ఎవరు పోయారో, నా బదులు."

హాల్లో లేచినవాళ్లు లేచినట్టే నిలబడిపోయారు.

"అంచేత ఒక మాటండి. మీ కాలనీకి ఏది వస్తదో మీకూ తెలవదు, నాకూ తెలవదు. మా ఇంట్లో ఇప్పుడున్నది కాపలా పెరుగండి. ఇవాళతో అది ఆపేస్తాం. మీకు ఏ తోడిస్తే అందులోంచే చెంచాడు మా ఇంటికీ తీసుకెళతాను. రెండేళ్లూ మీరు తిన్నదే నేనూ తింటాను. మీకు లేని కాపలా నాకొద్దండి."

"వద్దండి," హైమవతి గబుక్కున ముందుకి వచ్చింది. "మీకది చాలా అవసరం. ఆ జబ్బు మళ్లీ రావచ్చని డాక్టరు చెప్పలేదూ?"

"చెప్పారండి," అన్నాడతను నెమ్మదిగా. "తెలిసే అంటన్నాను."

హైమవతి మంగాయమ్మ వైపు చూసింది, ఆవిడైనా ఆపుతుందేమోనని. మంగాయమ్మ చేతులు కుర్చీ అంచుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. కానీ ఆపలేదు. లేచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, భర్త పక్కన వచ్చి నిలబడింది.

హైమవతికి ఆ క్షణంలో వాళ్లిద్దరి కాళ్ల మీద పడాలనిపించింది. తను ఆ మనిషికి ప్రాణం ఇచ్చాననుకుంటూ వచ్చింది ఇన్నాళ్లూ. తనకి తెలియకుండానే లోపల్లోపల కాస్త గర్వం కూడా ఉంది. అతను ఆ ప్రాణాన్నే తీసుకొచ్చి పేరు తెలియని వాళ్ల మధ్య పెడుతున్నాడు, వాళ్లకి తోడు కూర్చోవడానికి. ఈ అప్పు ఏ జన్మకీ తీరదు.

వెనక వరసలో ఆ సన్నపాటి ఆవిడ ఇంకా నిలబడే ఉంది. గున్నేశ్వరరావుని చాలాసేపు చూసింది. తర్వాత చేతిలో సంచి కింద పెట్టి, కుర్చీలో కూర్చుంది. లేచినవాళ్లలో ఇంకొకావిడ కూర్చుంది. మరొకావిడ కూర్చుంది.

"పాలు ఎంత వేడి మీద తోడెయ్యాలండి?" అని అడిగింది ఆ సన్నపాటి ఆవిడ.

అచ్చాయమ్మే జవాబు చెప్పింది. "వేలు పెడితే ఓర్చుకునేంత, తల్లీ."